‘ఇగో’ అని పిలిచే బిడ్డ

"ఇగో... నీళ్లు."

తిరుమల వెనక్కి తిరగలేదు. పొయ్యి మీద పప్పు పొంగి మంట మీదికి కారుతోంది. మామూలు రోజైతే ఈపాటికి అటు గిన్నె దించి, ఇటు పిల్లకు గిలాస అందించి ఉండేది.

"ఇగో, నిన్నే. నీళ్లు కావాలె."

"ఇగో ఎవలు? గీ ఇంట్ల ఇగో అనేటోల్లు ఎవలు లేరు," అంది తిరుమల గోడకేసి చూస్తూ. "నన్నేమని పిలుస్తవో గట్ల పిలువు. గిలాసెడేంది, క్యాను క్యానే తెచ్చి నీ ముందట పెడత."

గుమ్మంలో నిలబడ్డ సృజన పెదాలు బిగించింది. ఆరేళ్లు నిండీ నిండని పిల్ల, ఒకటో తరగతి. పోయిన శుక్రవారం బడి నుంచి వచ్చింది మొదలు ఈ శనివారం సాయంత్రం దాకా, లెక్కకు తొమ్మిది రోజులు, కన్నతల్లిని "అవ్వా" అని ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు. ఆకలైతే ఇగో. జడ వేయమంటే ఇగో. చెప్పు తెగితే ఇగో.

మొదటి రెండు రోజులు తిరుమల నవ్వుకుంది. మూడో రోజు బతిమాలింది. ఐదో రోజు చాక్లెట్ ఆశ చూపింది. ఇవాళ పంతం పట్టింది. ఆరేళ్ల పిల్లతో ఇరవయ్యెనిమిదేళ్ల తల్లి పంతమేమిటని మీరు అడగవచ్చు. తొమ్మిది రోజులు ఆ పిలుపు లేకుండా ఉండి చూసినవాళ్లు అడగరు.

వెనక ఏదో జరిపిన చప్పుడు. ఆపైన దబ్బుమని ఒక మోత.

తిరిగి చూస్తే, గట్టు మీది ఇరవై లీటర్ల నీళ్ల క్యాను నేల మీద పడి గుడగుడమని ఒలికిపోతోంది. మధ్యలో సృజన, మోకాళ్ల దాకా తడిసి, చేతిలో ఖాళీ గిలాసతో నిలబడి ఉంది. ఏడవలేదు. కింద పారుతున్న నీళ్లలోనే గిలాస ముంచబోయింది.

"ఓ పోరీ, ఏం పనే అది!" తిరుమల చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది, అంతవరకు దేవుడు మేలు చేశాడు.

వాకిట్లో మక్కకంకులు ఒలుస్తున్న అత్త బాలవ్వ లోపలికి వచ్చి ఆ సంబరమంతా చూసింది.

"బాగున్నది. పసిపోరికి గుక్కెడు నీళ్లియ్యనికి గూడ షరతులు పెడుతున్నవా తిరుమలా? నేను ముగ్గురిని కన్న. ఒక్కని నోరన్న ఎండబెట్టిన్నా?"

"మీకేం అత్తా, మీరు అన్ని అంటరు. బాపమ్మా బాపమ్మా అని మీ కొంగు పట్టుకొని తిరుగుతది. మిమ్మల్నేమో బారెడు నోరు జేసి పిలుస్తది. నా దగ్గరికి వస్తెనే మూగదైతది. ఎవలో ఏదో నూరిపోసిండ్రు."

"ఎవలో అంటె ఎవలు?"

తిరుమల అత్త కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపే జవాబయింది. బాలవ్వ ముఖం ఎర్రబడింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, తడి పరికిణీ పిండుతూ బయటికి నడిచింది. గుమ్మం దాటుతూ, "నూరిపోసుడు మా వంశంల లేదు," అని మాత్రం అంది.

అదే సమయానికి సంపత్ ఇంటికొచ్చాడు. చొప్పదండి సెంటర్లో బోరు మోటార్లకు వైండింగు చుట్టే షాపు అతనిది. చేతులకు వార్నిష్ మరకలు. ఇంట్లోకి అడుగు పెట్టగానే కాలు సర్రున జారి గోడ పట్టుకున్నాడు.

"ఏందే, చెరువు గిటు తెగిందా?"

"నవ్వు. నీకు నవ్వొస్తది." తిరుమల అల్మారా మీద నుంచి బడి డైరీ తీసి అతని చేతిలో పెట్టింది. "చదువు."

అందులో లిడియా టీచర్ గుండ్రటి అక్షరాలతో రెండు లైన్లు రాసింది. సృజన వారం రోజులుగా తెలుగు క్లాసులో నోరు తెరవడం లేదు. సోమవారం ఉదయం తల్లిదండ్రులు వచ్చి కలవాలి.

"ఏమైతదే, చిన్నపోరి. జరంత గుస్స అయ్యి ఉంటది. ఫికర్ జేయకు."

"ఎట్ల జేయకుంట? మల్ల తీసుకపోయి యూకేజీల కూసోబెడుతరేమో. మా అక్క బిడ్డ ప్రవళిక గీ వయసుకు ఇంగ్లీషుల ఉపన్యాసాలిస్తుండె. ఇదేమో తల్లిని ఇగో అంటున్నది!"

సంపత్ తల గోక్కున్నాడు. నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు.

"తిరుమలా, ఒక్క మాట. పెండ్లయి ఎనిమిదేండ్లాయె. నువ్వు నన్ను ఏమని పిలుస్తున్నవ్?"

"ఏమని?"

"ఇగో అనే కద! ఇగో ఇంటున్నవా, ఇగో అన్నం తిను, ఇగో ఎప్పుడొస్తవ్. నేనేమన్న నీళ్లు తాగుడు బంద్ జేసిన్నా?"

ఇంకో రోజైతే తిరుమల కూడా నవ్వేది. ఆ సాయంత్రం మాత్రం తుడుపుగుడ్డ అతని మీదికి విసిరి, పప్పుగిన్నె దించడానికి వెళ్లింది. పప్పు అప్పటికే అడుగంటింది. నలుగురూ ఆ మాడిన పప్పే తిన్నారు, ఎవరూ ఎవరినీ ఏమనీ పిలవకుండా.

• • •

ఆదివారం మధ్యాహ్నం తిరుమల బట్టలు తీయడానికి వెనక గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

వాకిట్లో గోడ పొడవునా మక్కకంకులు వరసగా కూర్చుని ఉన్నాయి. కూర్చుని ఉన్నాయనే అనాలి, ఎందుకంటే ప్రతి కంకి ముందూ ఒక ఆకు పుస్తకంలా పరిచి ఉంది. సృజన చేతిలో స్కేలు పట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తోంది. తల్లి వెనక ఉన్నట్టు తెలియదు.

"సైలెన్స్! చేతులు కట్టుకోండి. ఇవాళ వ వత్తు. అందరు చెప్పండి. అవ్వ, గువ్వ, బువ్వ."

ఆ పిలుపు మాట వినగానే తిరుమల గుండె ఒక్కసారి ఎగిసిపడింది. తొమ్మిది రోజుల తర్వాత, పదో రోజు, ఆ నోట ఆ మాట! కానీ పిల్ల పిలవడం లేదు, పాఠం చెబుతోంది.

"బొమ్మ చూడండి. అవ్వ అంటే ముసలామె. అవ్వకు పండ్లు ఊడిపోయినయి. అవ్వ కట్టె పట్టుకొని నడుస్తది."

వరసలో నాలుగో కంకిని సృజన పైకెత్తింది. గొంతు మార్చి చిన్నగా చేసింది.

"టీచర్, టీచర్, మా అవ్వకు పండ్లున్నయి. మా అవ్వ స్కూటీ నడుపుతది."

మళ్లీ టీచర్ గొంతు. "తప్పు! గామె అవ్వ కాదు. గామెను అమ్మ అనాలె. కూసో!"

తర్వాత స్కేలుతో మిగిలిన కంకులన్నిటినీ ఒక్కొక్కటిగా ఊపుతూ సృజన నవ్వింది. "హిహిహి. సృజనోల్ల అవ్వ ముసల్ది! హిహిహి. సృజనోల్ల అవ్వకు పండ్లు లెవ్వు!"

నాలుగో కంకిని కింద పెట్టి, దాని ఆకును మూసేసింది. ఆకు మూసేటప్పుడు మాత్రం చాలా మెల్లగా, జాగ్రత్తగా మూసింది.

తిరుమల గుమ్మం పట్టుకుంది. అయ్యో నా తల్లీ! అత్త నూరిపోయలేదు, ఎవరూ నూరిపోయలేదు. వ వత్తు ఇంత పని చేసిందా! నిన్న ఆ పిల్లను దాహంతో నిలబెట్టిన సంగతి గుర్తుకొచ్చింది. పరుగున వెళ్లి ఎత్తుకుందామనిపించింది. వెళ్తే పిల్ల మళ్లీ నోరు మూసుకుంటుందని కూడా అనిపించింది.

ఏమనుకుందో ఏమో, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, వెళ్లి కంకుల వరస చివర నేల మీద చతికిలబడి చేతులు కట్టుకుంది.

"టీచర్, నేను గూడ కూసుంట. లేటయింది."

సృజన ఉలిక్కిపడింది. స్కేలు వెనక దాచింది. అమ్మ ముఖంలోకి చూసింది. కోపం కనబడలేదు. కాసేపు ఆలోచించి, స్కేలు బయటికి తీసింది.

"ఎందుకు లేటయింది?"

"పప్పు మాడింది టీచర్."

పిల్ల మూతి చివర నవ్వులాంటిది కదిలింది. "సరే. రేపటి సంది జల్ది రావాలె."

"టీచర్, నాకొక డౌటు. మా ఇంట్ల ఒక పిల్ల ఉన్నది. మంచిగ అవ్వా అని పిలుస్తుండె. ఇప్పుడు పిలుస్తలేదు. నేనేమన్న తప్పు జేసిన్నా టీచర్?"

స్కేలు చివర నేల మీద గీతలు గీస్తూ ఉండిపోయింది సృజన. తిరుమలకు అడగాలనుంది, తొందరపెట్టాలనుంది. నాలుక పళ్ల మధ్య పెట్టి నొక్కుకుంది.

"నువ్వు తప్పు జేయలే," అంది చివరికి పిల్ల. "అవ్వ అంటె ముసలైతవు."

"ముసలైతె ఏమైతది?"

"ఎదురింటి నర్సవ్వ లెక్క అయితది."

నర్సవ్వ శ్రావణంలో పోయింది. బోసినోరు, చేతిలో కట్టె, అచ్చం పుస్తకంలో బొమ్మలాగే ఉండేది. డప్పు చప్పుడుకు సృజన గోడ ఎక్కి చూస్తుంటే, తనే రెక్క పట్టి లోపలికి లాక్కొచ్చిన సంగతి తిరుమలకు గుర్తుంది. అప్పుడు పిల్లకు ఏమీ చెప్పలేదు.

అంటే ఈ తొమ్మిది రోజులూ ఇది అలగలేదు. నన్ను ముసలిదాన్ని కానివ్వకుండా కాపలా కాసింది! తిరుమలకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఏడుపును కొంగుతో తుడిచి, నవ్వునే పైకి రానిచ్చింది.

"ఇటు రా, లెక్క జేద్దాం," అని ఒక కంకి ఒళ్లోకి తీసుకుంది. "ఒక్క గింజ అంటె ఒక్క బతుకమ్మ పండుగ. నాకు ఇరవయ్యెనిమిది అయినయి. నువ్వే ఒలువు."

సృజన వచ్చి పక్కన కూర్చుని గింజలు గిల్లడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు. గొంతు మెల్లగా పెరిగింది. "పదిహేడు, పద్దెనిమిది, ఇరవై, ఇరవై ఒకటి..."

పందొమ్మిది ఎగిరిపోయింది. దిద్దే మాట తిరుమల నోటి చివరి దాకా వచ్చింది. ప్రవళిక అయితే తప్పేదే కాదన్న మాట కూడా దాని వెంటే వచ్చింది. రెండిటినీ మింగేసింది.

"ఆగు, ఆగు!" సృజనే చెయ్యి ఎత్తింది. "పందొమ్మిది మర్చిన. మల్ల లెక్కపెడత."

మళ్లీ లెక్కపెట్టింది. చాటలో ఇరవయ్యెనిమిది గింజలు పడ్డాయి. కంకి మీద ఇంకా ఎన్నో వరసలు మిగిలి ఉన్నాయి. సృజన దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇవన్ని ఉన్నయా నీకు?"

"అన్ని ఉండయి బిడ్డా. ఎవలకు గూడ అన్ని ఉండయి. గని మస్తున్నయి. నువ్వు అవ్వ అన్న, అనకున్న ఏడాదికొక్కటి పడుతది. నా పండ్లు ఊడేసరికి నువ్వు గింత పెద్దగైతవు. అప్పుడు నాకు బువ్వ నువ్వే మెత్తగ వండాలె."

"నాకు వండరాదు."

"నేర్పిస్త. మస్తు టైమున్నది."

సృజన ఆ కంకిని గుండెకు హత్తుకుంది. ఇప్పుడు పిలుస్తుంది, ఇదిగో ఇప్పుడే అని తిరుమల ఊపిరి బిగబట్టింది. పిల్ల నోరు తెరిచింది.

"గని టీచర్ తప్పన్నది కద. టీచర్ చెప్తెనే అంట."

• • •

సోమవారం పొద్దున తిరుమల స్కూటీ తీసేసరికి బాలవ్వ వెనక సీటెక్కి కూర్చుంది. ఒళ్లో కాల్చిన మక్కకంకి ఉంది.

"మీరెందుకత్తా?"

"అవ్వకు పండ్లుండయని ఎవలు బొమ్మ గీసిండ్రో జర చూసొస్త." అరవై రెండేళ్ల బాలవ్వకు నోట్లో పన్ను ఒక్కటి కదల్లేదు. చెరకు గడ పంటితో చీలుస్తుంది.

తిరుమల బండి స్టార్టు చేయలేదు. "అత్తా, మొన్న నేనన్న మాట..."

"ఏం మాట? నాకు యాదికి లేదు. పోనీయి, బెల్లు గొడుతరు," అంది బాలవ్వ. ముందు నిలబడ్డ సృజన మాత్రం ఒక చేత్తో నిన్నటి కంకిని, ఒక చేత్తో బండి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంది.

దారి పొడవునా తిరుమల అనవలసిన మాటలు వరస కట్టుకుంది. మా యాస మీకు తప్పెట్లయింది? పది మందిల పిల్లను నవ్వులపాలు జేసుడేనా చదువు జెప్పుడంటె? అనుకుంటూ పోతే బడి గేటు దగ్గరికొచ్చేసరికి అర్ధగంటకు సరిపడా పోగయ్యాయి.

తీరా లిడియా టీచర్ ఎదురుపడితే పాతికేళ్ల పిల్ల. జడకు చాక్‌పీసు పొడి. తిరుమల మొదటి మాట పూర్తి చేయకముందే ఆమె ముఖం పాలిపోయింది. వరండాలో నిలబడి, జరిగిందంతా, మక్కకంకులతో సహా, విన్నది. లోపల పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు.

"అక్కా, మాది కాగజ్‌నగర్," అంది లిడియా. "నేను మా అమ్మను అవ్వా అనే పిలుస్త. నిన్న చర్చినుంచొచ్చి ఫోన్ల గూడ గట్లనే పిలిచిన. బడికొచ్చేసరికి పుస్తకంల ఏమున్నదో గదే నోటికొస్తది. ఆ రోజు పిల్లలు నవ్విండ్రు. నాకు గూడ నవ్వొచ్చింది, ఆపుకోలే. తప్పయింది."

తిరుమల కట్టుకున్న అర్ధగంట మాటలూ ఎటు పోయాయో తెలియలేదు. లిడియా భుజం మీద చెయ్యి వేసింది. "నేను నీళ్లియ్యలేదమ్మా. నాది గూడ తప్పే."

"మరి నడువుండ్రి," అని వాళ్లను తోసినంత పని చేసింది బాలవ్వ. "తప్పులు ఇద్దరు పంచుకున్నరు గద, ఇగ పోరి సంగతి చూడుండ్రి."

క్లాసులో సృజన మూడో బెంచీలో తల దించుకుని కూర్చుంది. గుమ్మంలో బాపమ్మను, అమ్మను చూసి ఇంకా దించుకుంది. లిడియా పుస్తకం తెరిచి బొమ్మ చూపింది.

"ఈ బొమ్మ ఒక్క అవ్వది. మిగిలిన అవ్వల సంగతి నేను చెప్పలే. ఇవాళ మీరు చెప్పాలె. ఇంట్ల మిమ్మల్ని కన్నామెను ఏమని పిలుస్తరు?"

"మమ్మీ!" "అమ్మ!" "అమ్మీ!" కిటికీ పక్క పిల్ల, మొన్నే ఆదిలాబాద్ నుంచి వచ్చిన కావ్య, సిగ్గుపడుతూ "ఆయీ" అంది. పక్కింటి మరాఠీ పిల్లలతో ఆడి నేర్చుకుందట.

"అన్ని మంచి పిలుపులే. నేనైతే అవ్వా అంట." లిడియా చెయ్యెత్తి నిలబడింది. "ఇంకెవలన్న అంటరా?"

ఎవరూ కదల్లేదు. ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్విన సాల్మన్ అటూ ఇటూ చూశాడు. మోచెయ్యి బెంచీ మీదే ఉంచి, వేళ్లు మాత్రం లేపాడు.

"మా అవ్వను... నేను గూడ అవ్వనే అంట టీచర్."

వెనక బెంచీలో ఇంకో చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. నవ్విన వాళ్లలో ముగ్గురు ఇళ్లలో అవ్వా అని పిలిచేవాళ్లే! ఆ రోజు తమ అవ్వలను దాచుకుని, సృజన అవ్వను చూసి నవ్వారు.

అంతలో గుమ్మంలో పటుక్కున చప్పుడైంది. బాలవ్వ కాల్చిన మక్కగింజ కొరికింది. క్లాసంతా అటు తిరిగింది. ఆమె నోరు బార్లా తెరిచి, రెండు వరసల పళ్లూ చూపించింది.

పిల్లలు పగలబడి నవ్వారు. ఈసారి సృజన కూడా నవ్వింది. నవ్వుతూనే బెంచీ మీద నిలబడింది.

"గామె మా బాపమ్మ! గామె పక్కన మా అవ్వ!" అని, బ్యాగులోకి చూసుకుని, ఒక్కసారిగా ఇంత గొంతు చేసుకుంది. "అవ్వా! నా నీళ్ల బాటిల్ మర్చిపోయినవ్!"

తిరుమలకు కళ్ల ముందు క్లాసు, పిల్లలు, బొమ్మ అన్నీ మసకబారాయి. నీళ్లు తేవడానికి బండి కూడా తీయకుండా గేటు వైపు ఉరికింది.

• • •

ఆ సాయంత్రం ఇంట్లో పండుగే. "అవ్వా జడ", "అవ్వా పెన్సిలు", "అవ్వా గిది చూడు." పని ఉన్నా లేకున్నా పిలుపే. తిరుమల ప్రతిదానికీ "ఓయ్" అంటూ గొంతు బొంగురుపోయేలా పలికింది. బాలవ్వ పెరుగన్నంలోకి కారప్పొడి తనే కలిపి కోడలి కంచంలో వేసింది.

సంపత్ వార్నిష్ చేతులు కడుక్కుని, కాలు మీద కాలేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"నేను జెప్పలేదా? తొమ్మిది రోజులు ఊకెనె పరేషాన్ అయినవ్. పిల్లలన్నంక గట్లనే ఉంటది. బిడ్డా సృజనా, గిలాసెడు నీళ్లు తేపో."

సృజన నీళ్లు తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది. తండ్రి ముఖంలోకి చూసింది. ఆపైన, ఏడాదిగా పలచబడుతున్న అతని నడినెత్తి వైపు చాలాసేపు చూసింది.

"ఇగో," అంది. "నీళ్లు."

సంపత్ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఏమన్నవ్ బిడ్డా? బాపు అను."

సృజన పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. తిరుమల వంటింట్లోంచి వచ్చి, పిల్ల బ్యాగులోంచి తెలుగు పుస్తకం తీసి ఇవాళ్టి పేజీ తెరిచింది. గాంధీ జయంతి కోసం చెప్పిన పాఠం. గుండ్రటి కళ్లద్దాలు, నున్నటి బోడిగుండు, బోసినవ్వు, చేతిలో కర్ర. బొమ్మ కింద పెద్ద అక్షరాలు: అందరూ ఆయనను ‘బాపూ’ అని పిలిచేవారు.

తిరుమల పుస్తకాన్ని అతని ఒళ్లో పెట్టింది. సంపత్ చదివాడు. అతని చెయ్యి దానంతట అదే నడినెత్తి మీదికి వెళ్లింది.

"అవ్వా!" అని వాకిట్లోకి కేకేశాడు తల్లిని. "నా గింజలు లెక్కపెట్టనికి ఇంట్ల ఇంక మక్కకంకులేమన్న ఉన్నయా?"

గడపలో కూర్చున్న బాలవ్వ ఆఖరి గింజ పటుక్కున కొరికి, ఖాళీ బెండు ఎత్తి చూపించింది.